దళం మార్కండేయులు

మార్కండేయులు గారి ముందు ఎవరూ కష్టం చెప్పుకోకూడదు. చెప్పుకుంటే ఆయన ఓదార్చరు, సలహా ఇవ్వరు, కనీసం "అయ్యో" అని కూడా అనరు. కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని, "ఇది అభేద్యదళంలో వచ్చేసిందండీ, పదిహేడో సంచిక," అంటారు. ఇల్లు కారుతున్నా, అన్నదమ్ములు కోర్టుకెక్కినా, డాక్టరు పెదవి విరిచినా ఆయన దగ్గర దానికో సంచిక నంబరు సిద్ధంగా ఉంటుంది. లోకంలో కొత్త కష్టమంటూ లేదని, అన్నీ ఆ ఐదుగురూ ముందే పడేశారని ఆయన గట్టి నమ్మకం.

ఆ ఐదుగురెవరో చెప్పాలి. మా కుర్రతనంలో ‘అభేద్యదళం’ అని ఒక బొమ్మల కథల పుస్తకం నెలనెలా వచ్చేది. గాల్లో ఎగిరే కెప్టెన్ ప్రచండ, అరచేతుల్లోంచి నిప్పులు కురిపించే అగ్నిరేఖ, నీళ్ళ అడుగున కాపురముండే జలంధర్, ఎదుటివాడి మనసులో మాట వినగలిగే డాక్టర్ మౌని, వెలుగు పడితే మాయమైపోయే గాజుమనిషి. ఈ ఐదుగురూ కలిసి నెలకోసారి ప్రపంచాన్ని కాపాడేవారు. నేను రెండో మూడో చదివి, పెద్దవాణ్ణై, ఆర్టీసీ డిపోలో గుమాస్తాగా చేరి ఆ సంగతే మర్చిపోయాను. మార్కండేయులు గారు పెద్దవారయ్యారు కానీ మర్చిపోలేదు. వన్ టౌన్‌లో తాతల నాటి చేనేత చీరల హోల్‌సేల్ కొట్టు ఆయనది. ఆ కొట్లో నారింజరంగు చీర పేరు ‘అగ్నిరేఖ’, నీలంరంగుది ‘జలంధర్’. "ఒక డజను జలంధర్లు మూట కట్టండయ్యా" అని ఆయన కేకేస్తే కొత్తగా చేరిన గుమాస్తాలు బిత్తరపోయేవారట.

అసలు ఆ ‘దళం’ అన్న మాటే ఒకసారి ఆయన కొంప ముంచింది. అవి అడవుల్లో వేరే దళాలు తిరిగే రోజులు. ఈయన నెలనెలా రైల్వేస్టేషన్లో పుస్తకాల కొట్టు ముందు నిలబడి, "దళం దిగిందా?" అని అడిగేవారు. "ఇంకా లేదండీ, రేపు పొద్దున మెయిల్లో దిగిద్ది," అనేవాడు కొట్టువాడు. కొన్నాళ్ళకి మఫ్టీలో ఉన్న కానిస్టేబులొకడు ఆయన భుజం మీద చెయ్యేశాడు.

"దళంలో ఎంతమందిరా?" అని గద్దించాడట ఇన్‌స్పెక్టరు.

"ఐదుగురండీ."

"నాయకుడెవడు?"

"కెప్టెన్ ప్రచండండీ. కానీ కష్టమొస్తే అందరూ అగ్నిరేఖ మాటే వింటారు."

"ఇప్పుడెక్కడున్నారు?"

"సముద్రం అడుగునండీ."

రెండు దెబ్బలు పడ్డాక సంచీలోంచి పుస్తకం బయటపడింది. సాయంత్రానికి వదిలేశారు. నెల తిరక్కుండా ఆ ఇన్‌స్పెక్టరే కొట్టుకొచ్చి, "ఏమయ్యా, సముద్రంలోంచి బయటికొచ్చారా?" అని అడిగి కొత్త సంచిక పట్టుకెళ్ళాడని మార్కండేయులు గారు చెబుతారు. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం.

పెళ్ళిచూపుల్లోనూ అదే వరస. "మీకు దళంలో ఎవరంటే ఇష్టమండీ?" అని అడిగితే, పెళ్ళికూతురు వెంకటరావమ్మ లోపలికి పరిగెత్తి, "నాన్నా, ఈయన నక్సలైటు!" అని ఏడ్చిందట. పెళ్ళి మాత్రం ఆగలేదు.

ఆయనకీ నాకూ స్నేహం కలిసింది ఇంత సరదా చోట కాదు. ఇద్దరికీ మూత్రపిండాలు పాడయ్యాయి. ఆటోనగర్ పక్కన ఒక ఆసుపత్రిలో, మొదటి అంతస్తులో డయాలిసిస్ వార్డుంది. వారానికి మూడుసార్లు, పూటకి నాలుగు గంటలు, ఒంట్లో రక్తమంతా గొట్టాల్లోంచి యంత్రంలోకి వెళ్ళి కడిగించుకుని తిరిగొస్తుంది. కిందంతా లారీలకి బాడీలు కట్టే షెడ్లు. అక్కడ రేకుల మీద సుత్తి దెబ్బలు, ఇక్కడ మా తలల్లో నొప్పి. రెండూ ఒకే తాళంలో నడుస్తాయి.

మొదటిరోజు సిస్టర్ రాజ్యశ్రీ సూది తియ్యగానే నా పై ప్రాణాలు పైనే పోయాయి. అది సూది కాదు, బాల్ పెన్ను రీఫిల్లు.

"కొత్తా?" అన్నారు పక్కమంచం మీది బట్టతలాయన.

"ఇవాళే మొదలండీ."

"భయమేస్తోందా?"

"వెయ్యదాండీ మరి?"

"ఎనిమిదో సంచికలో జలంధర్‌కీ వేసింది. వాడి ఒంట్లో రక్తమంతా విలన్ సీసాల్లోకి తోడేస్తాడు."

"ఇప్పుడు చెప్పాల్సిన ముక్కేనా అండీ అది?"

"సాంతం వినండి సార్. ఆ సీసాలు తెలీక సముద్రంలో పారేస్తాడు. సముద్రం ఎవరిదీ? జలంధర్‌ది!"

నేను ఆయన్ని తిట్టడానికి మాట వెతుక్కుంటున్నాను. ఈలోగా సూది గుచ్చడం అయిపోయిందని సిస్టర్ చెప్పింది. అది కాకతాళీయమనే చాలాకాలం అనుకున్నాను.

దళం విషయంలో ఆయనకో నియమం ఉంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, రవ్వంత మార్చకూడదు. ఒకసారి డాక్టరుగారు మంచాలన్నీ చూసుకుంటూ వచ్చి, సరదాకి, "ఆ పుస్తకం నేనూ చదివానండోయ్. నలుగురు కదా వాళ్ళు?" అన్నారు. "ఐదుగురు!" అని మార్కండేయులు గారు వేసిన కేకకి బీపీ రెండొందలు దాటి యంత్రం గంట కొట్టింది. సిస్టర్ పరిగెత్తుకొచ్చింది. "ముందు ఐదుగురని ఆయన్ని ఒప్పుకోమనండి సిస్టర్, మందు తర్వాతివ్వండి," అన్నారీయన. డాక్టరుగారు ఒప్పుకున్నారు. బీపీ దిగింది.

ఎదురు మంచం మీద శౌరయ్య అని తాపీమేస్త్రీ ఉండేవాడు. కంకిపాడు వైపు మనిషి. మార్కండేయులు గారిని ఏడిపించడం వాడికి సరదా.

"శావుకారు గారూ, పాతికో నంబర్లో అగ్నిరేఖకీ గాజుమనిషికీ పెళ్ళైపోయిందంటగా?"

"ఎవరన్నారు?"

"ఎవరో ఎందుకు, నేనే చేశా. జోడీ బాగా కుదిరిద్దిలెండి."

"లేనిది కల్పించకూడదు శౌరయ్యా! రాసినాయన రాసిందే కథ. మనం ఒక్క అక్షరం కలిపినా అది ద్రోహం."

వారం రోజులు వాడితో మాట్లాడలేదు. చివరికి శౌరయ్యే దిగొచ్చి, "పోన్లెండి, విడాకులిప్పిచ్చేశా," అన్నాక మళ్ళీ మాటలు కలిశాయి.

శౌరయ్య ఆ ఎండాకాలంలోనే పోయాడు. మాకు నీళ్ళు కొలత. రోజుకి ఇన్నే తాగాలని ఉంటుంది. వాడు పని మానలేదు. రోహిణి ఎండలో గోడ కట్టి, దాహానికి ఆగలేక చెంబు ఎత్తాడు. ఊపిరితిత్తులకి నీరు పట్టేసింది. మా వార్డులో ఎవరైనా రాకపోతే మిగతావాళ్ళం అడగం. మంచం మీద దుప్పటి మార్చి ఉంటుంది. అదే కబురు.

ఆ పూట నాకు ఒకటే భయం, ఈయన ఇప్పుడే నంబరు చెబుతాడోనని. ఆయన ఏమీ చెప్పలేదు. నాలుగు గంటలూ గోడకేసి తిరిగి పడుకున్నారు. చివరికి నేనే ఉండబట్టలేక, కొంచెం కసిగానే అడిగాను. "శౌరయ్యది ఏ సంచికండీ?"

"అందులో ఎవరూ ఇలా పోలేదు సంజీవరావు గారూ," అన్నారు గోడతో.

శౌరయ్య మంచం మీదికి డయానా వచ్చింది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల. చల్లపల్లి పక్క ఊరు. డిగ్రీ అయ్యి బ్యాంకు పరీక్షకి చదువుతూండగా కాళ్ళు వాచాయి. తండ్రి లాజరు ఇదే జబ్బుతో ఏళ్ళ తరబడి యంత్రాల చుట్టూ తిరిగి కన్నుమూశాడు. తల్లి సువార్తమ్మ పొలం పనులకి పోయే మనిషి. చీకటితో లేచి పిల్లని బస్సులో తీసుకొచ్చేది. మొదటి నెలలోనే డయానా రావడం మానేసింది. మళ్ళీ కనిపించేసరికి అంబులెన్సులో ఉంది, మొహం ఉబ్బి, ఊపిరి అందక.

ఆ పూట యంత్రం ఇంకాసేపట్లో ఆగుతుందనగా, ఆ పిల్లకి మాట వచ్చింది.

"ఎందుకమ్మా మానేశావు?" అంది సిస్టర్ రాజ్యశ్రీ.

"వస్తే ఏమైద్ది సిస్టర్? మా నాన్న ఒక్క పూట మానలేదు. పోలేదా?"

సువార్తమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఇయ్యాల్టితో ఇంక రానంటందమ్మా. నన్ను చూసన్నా రావే అంటే, నిన్ను చూసే మానేస్తన్నా అంటంది."

ఆ పిల్ల అడిగినదానికి జవాబు మాలో ఎవరి దగ్గరా లేదు. ఉంటే ముందు మాకే చెప్పుకునేవాళ్ళం. అప్పుడు మార్కండేయులు గారు గొంతు సవరించుకున్నారు. నేను సిగ్గుతో దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

"ఇది అభేద్యదళంలో వచ్చేసిందమ్మా," అన్నారు. ఒక్క క్షణం ఆగి, "నలభై ఒకటో సంచిక," అన్నారు.

డయానా చివ్వున తల తిప్పింది. "ఏంటీ?"

"నలభై ఒకటి. గాజుమనిషి పగిలిపోయాడు కదా. ముక్కలు ఊడ్చి పారేద్దామని ఊళ్ళోవాళ్ళు చీపుర్లు పట్టుకొచ్చారు. అగ్నిరేఖ అడ్డం నిలబడింది. ముక్కలన్నీ ఏరి, తన చేతుల్లో నిప్పుతో కరిగించి, ఒక్కొక్కటే అతకడం మొదలెట్టింది. మొదటిరోజు ఒక్క వేలు అతికింది. ఆ వేలు..."

"ఆ వేలు?"

"అదిగో, నీ యంత్రం ఆపేశారు. బుధవారం చెప్తాలే."

డయానా ఆయన్ని కొరికేసేట్టు చూసింది. సువార్తమ్మ చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయింది.

బుధవారం డయానా వచ్చింది. ఆ వేలు కదిలిందన్నారాయన. మణికట్టు దాకా అతికించి, అగ్నిరేఖ చేతుల్లో నిప్పు ఆరిపోయిన చోట ఆపేశారు. శుక్రవారం వచ్చింది. ఆ తర్వాత మానలేదు. నలభై రెండు, నలభై మూడు అంటూ సంచికలు నడిచాయి. మార్కండేయులు గారంత దుర్మార్గంగా కథ ఆపేవాణ్ణి నేను చూడలేదు. కత్తి మెడ మీదికొచ్చాక దాహమేస్తోందని ఐసుముక్క అడిగేవారు. మా ముందు బ్యాచి పేషెంట్లు పని అయిపోయినా ఇళ్ళకి పోకుండా బల్లల మీద కూర్చునేవారు. కింద షెడ్డులో సుత్తి దెబ్బలకి ఒక ముక్క వినబడకపోతే నేను "ఏవన్నారు, ఏవన్నారు?" అని అడగాల్సి వచ్చేది.

"గాజుమనిషికి నొప్పుండదా అంకుల్?" అంది డయానా ఒకరోజు, తన చేతికి గుచ్చిన సూదిని చూసుకుంటూ.

"ఎందుకుండదూ? అతికిన చోటల్లా ఉంటుంది."

"మరి అరవడేం?"

"అరుస్తాడమ్మా. బొమ్మల్లో వెయ్యలేదంతే."

ఒకనాడు వెంకటరావమ్మ గారు నన్ను వరండాలో పట్టుకున్నారు. "అన్నయ్యగారూ, మీరన్నా చెప్పండి ఆయనకి. కొట్లోకి బేరమొస్తే చూడట్లేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని నన్నెదురుగా కూర్చోబెట్టి, ‘మోకాలు ఇవాళ అతికించనా, శుక్రవారం అతికించనా?’ అంటున్నారు. ఎవరి మోకాలండీ?"

"గాజుమనిషిదండీ. కథలో వస్తోందిగా."

"ఏ కథండీ? ఆ పుస్తకం నలభయ్యో నంబరుతో ఆగిపోయిందిగా, మా పెళ్ళయిన ఏడాదే! వాళ్ళు కంపెనీ మూసేశారు. ఈయన రెండ్రోజులు అన్నం మానేస్తే, నేనేదో అన్నానని మా అత్తగారు నన్ను సాధించింది. నాకు తెలీదా?"

నేను వెళ్ళి నా మంచం మీద పడుకున్నాను. కాసేపాగి, "నలభై ఒకటో సంచిక ఒకసారి చూపిస్తారా అండీ?" అన్నాను.

ఆయన మొహంలో నెత్తురు లేదు. అది ఆ వేళకి యంత్రంలో ఉంది కాబట్టి కాదు. "వెంకటరావమ్మ చెప్పిందా?" అన్నారు నెమ్మదిగా.

"చెప్పారు."

"శౌరయ్యని అన్నేసి మాటలన్నానండీ. పాపం, సరదాకి వాడు ఒక్క పెళ్ళి చేశాడు. నేను ఏకంగా సంచికలకి సంచికలే అచ్చేస్తున్నాను."

"మరెందుకండీ?"

"ఆ పిల్ల అలా అడగ్గానే నలభయ్యీ వెతికానండీ, మనసులో. చెప్పదగ్గది ఒక్కటి లేదు. ఆఖరిదాంట్లో గాజుమనిషి పగిలిపోతాడు, సశేషం అని ఉంటుంది, అంతే. ఆ పిల్లకి అది చెప్పి ఇంటికి పంపనా?"

ఎనిమిదో సంచిక మాత్రం నిజంగా ఉందా అని అడగాలనిపించింది కానీ అడగలేదు.

ఆ తర్వాతి వారం మేం వచ్చేసరికి మార్కండేయులు గారి మంచం మీద దుప్పటి మార్చి ఉంది.

మేమెవరమూ అడగలేదు. డయానాకి మా పద్ధతి ఇంకా అలవాటు కాలేదు కాబట్టి అడిగేసింది. "అంకుల్ ఏరి సిస్టర్?"

"పైన ఐసీయూలో ఉన్నారు. ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్. చెప్పలేం అంటున్నారు."

సువార్తమ్మ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టింది. నాకు ఒకవైపు ఆయన గురించి దిగులు, ఇంకోవైపు ఈ పిల్ల గురించి. కథ చెప్పేవాడు లేకపోతే రేపట్నుంచి ఇది వస్తుందా? "ఆయన తిరిగొచ్చాక మిగతాది చెప్తారమ్మా," అన్నాను. "నువ్వు మాత్రం మానకు. దళానివి ఇంకా బోలెడు సంచికలున్నాయి."

"నలభయ్యే అంకుల్," అంది డయానా.

నేను నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయాను.

"మా నాన్నకి చల్లపల్లి బస్టాండులో పుస్తకాల కొట్టుండేది. నలభయ్యీ అట్టలేసి దాచాడు. నేను చదవడం నేర్చుకుందే వాటితో."

"మరి మొదటి రోజే అనలేదేం?"

"కోపమొచ్చింది. మా నాన్న ప్రాణంగా చూసుకున్న కథని పాడుచేయడానికి ఈయనెవరు? ఆ బుధవారం నేనొచ్చింది డయాలిసిస్‌కి కాదంకుల్. ఆయన్ని అందరి ముందూ కడిగేద్దామనొచ్చా."

"కడగలేదే?"

ఆ పిల్ల గొట్టాలకేసి చూసింది. "మణికట్టు అతికించారు ఆ రోజు. మా నాన్న ఆఖర్లో, ఆసుపత్రిలో కూడా, ‘ఆ గాజుమనిషి ఏమై ఉంటాడే?’ అని అడిగాడు. నాకు చెప్పటం చాతకాలేదు. నాకు తెలీదన్నా."

కింద సుత్తులు మోగుతున్నాయి. సువార్తమ్మ ప్రార్థన ఆపి కూతురి పాదాలు ఒళ్ళోకి తీసుకుంది.

"ఇప్పుడు నేను మానేస్తే, ఆ పెద్దాయన తిరిగొచ్చి ఎవరికి చెప్తారంకుల్? పాపం, మోకాలు దాకా వచ్చారు," అంది డయానా.

ఆయన తిరిగొచ్చారు. రెండు వారాలు పట్టింది. చక్రాల కుర్చీలో తోసుకొచ్చి మంచం మీదికి ఎత్తారు. దవడలు లోపలికి పోయాయి, గొంతు సన్నగా గాలిలా వస్తోంది. ఎంతకాలం ఉంటారో డాక్టర్లు చెప్పలేదు, మేమూ అడగలేదు. పడుకోగానే, "ఎక్కడ ఆపాను?" అన్నారు.

"కుడి మోకాలు!" అన్నారు నాలుగు మంచాల వాళ్ళు ఒకేసారి.

మొదలెట్టారు. శత్రువులు కొంప చుట్టుముట్టారు. అగ్నిరేఖ ఒక్కతే ఉంది. గాజుమనిషి ఇంకా నిలబడలేడు. తలుపులు విరుగుతున్నాయి. "అప్పుడు కిటికీలోంచి కెప్టెన్ ప్రచండ..." అని ఆగిపోయారు.

ఎందుకు ఆగారో నాకు తెలిసింది. జబ్బు పడకముందు ఆయనే కెప్టెన్ని తీసుకెళ్ళి మంచుకొండలో గడ్డకట్టించి వదిలేశారు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. వార్డంతా ఎదురుచూస్తోంది. నేను సాయానికి ఒక దగ్గు దగ్గాను. లాభం లేకపోయింది.

"మంచుకొండ కరిగిపోయిందిగా అంకుల్, యాభై నాలుగో సంచికలో," అంది డయానా.

మార్కండేయులు గారు కళ్ళజోడు తీశారు. "యాభై నాలుగా?"

"మీరు ఐసీయూలో ఉన్నప్పుడొచ్చింది."

"నువ్వు... చదివావా తల్లీ?"

"మా నాన్న కొట్లో నలభయ్యీ చదివాను. ఇది మాత్రం కొత్తది."

ఆయన ఆ పిల్లని చాలాసేపు చూశారు. తర్వాత నన్ను చూశారు. నేను పైకప్పులో ఫ్యాను రెక్కలు చూసుకుంటున్నాను. ఆయనకి అర్థమైపోయింది. తల వంచుకుని, కళ్ళజోడు దుప్పటి అంచుతో తుడిచి తుడిచి పెట్టుకున్నారు.

"ఆ సంచిక నాకు దొరకలేదమ్మా," అన్నారు. "నువ్వే చెప్పు."

డయానా దిండు ఎత్తుగా పెట్టించుకుంది. మొదట్లో తడబడింది. తర్వాత బాగానే అందుకుంది. కొండ మీద ఎండ ఎలా కాసింది, మంచు ఎలా చిట్లింది, అన్నీ చెప్పింది. "కెప్టెన్ కళ్ళు తెరిచాడు. మీసాల మీంచి నీళ్ళు బొటబొటా కారుతున్నాయి..."

మార్కండేయులు గారు గొట్టాలున్న చెయ్యి కదపకుండా రెండో చెయ్యెత్తి ఆపారు. "కెప్టెన్‌కి మీసాల్లేవమ్మా."

"అన్ని నెలలు మంచులో ఉంటే మొలవవా అంకుల్?"

ఆయన ఆలోచనలో పడ్డారు. ఎంతకీ తేల్చుకోలేక నావైపు తిరిగారు. నేను తెలీదన్నట్టు పెదవి విరిచాను.

"మొలుస్తాయి," అన్నారు చివరికి. "కానివ్వు."